ఇరవయ్యొకటో రోజు

మన ఇళ్ళలో ఇరవయ్యొకటో రోజుకి ఒక మర్యాద ఉంది. బిడ్డ పుట్టిన ఇరవయ్యొకటో రోజున బారసాల చేసి పేరు పెడతాం. కోడిపెట్టని పొదగేస్తే ఇరవయ్యొకటో రోజుకి పిల్లలు గుడ్డు పొడుచుకుని బయటికొస్తాయి. ఢిల్లీలో కూర్చుని జాతీయ రహదారుల చట్టం రాసిన పెద్దలకి ఈ సంగతులు తెలుసో తెలియదో గాని, వాళ్లూ సరిగ్గా అదే లెక్క పట్టారు. ఫలానా సర్వే నంబర్లు రోడ్డుకి కావాలని ప్రకటన పడిన రోజు నుంచి ఇరవయ్యొక్క రోజుల్లోగా "అయ్యా, నాకిలా ఇబ్బంది" అని రాసిస్తే వింటారు. ఇరవయ్యొకటో రోజు సాయంత్రం ఆఫీసు తలుపు మూశారా, ఇక ఆ తర్వాత మీరు బ్రహ్మదేవుడి చేత సంతకం పెట్టించి తెచ్చినా ఆ కాగితం మీద పడేది ఒక్కటే మాట. "గడువు దాటినది."

ఆ మాట నేను రాశాను. ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. రెవెన్యూలో గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టూ ఎక్కి, చివరి కొన్నేళ్లు రోడ్ల కోసం భూమి సేకరించే పనికి అజమాయిషీ చేసే కుర్చీలో కూర్చుని, ఇప్పుడు పెన్షను పుచ్చుకుని మనవలకి ఎక్కాలు చెప్పుకుంటున్న మనిషిని. ఏ ఆఫీసు, ఏ రోడ్డు, ఏ సంవత్సరం అని అడక్కండి. నాగావళికీ గోస్తనికీ మధ్య ఎక్కడో అనుకోండి. చెప్పదలుచుకున్నది ఒక ఆఫీసు మీద చాడీ కాదు. ఆ ఇరవయ్యొక్క రోజుల మీద నాకు కోపంగా ఉంది. ఆ కోపం ఉద్యోగంలో ఉన్నప్పుడు రాలేదేమని మా ఆవిడ అడిగింది. ఉద్యోగంలో ఉన్నవాడికి కోపం రాదు, ప్రోగ్రెస్ రిపోర్టు వస్తుంది.

ముందొక మాట ఒప్పుకుంటాను. రోడ్డంటే నాకు గిట్టక రాస్తున్నది కాదిది. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రికి రోగిని తీసుకెళ్లడమంటే ఒకప్పుడు సగం ప్రాణం దారిలోనే పోయేది. ఒంటి వరస రోడ్డు మీద లారీ వెనక లారీ. టెక్కలి దాటేసరికి ఒకటి, నరసన్నపేట దాటేసరికి ఇంకొకటి బోల్తా పడి ఉండేది. మొన్నమొన్నటి దాకా 5వ నంబరని పిలిచి ఇప్పుడు 16వ నంబరంటున్న ఆ రహదారి ముందు నాలుగు వరసలై, తర్వాత కొంత మేర ఆరు వరసలై, ఎంతమందిని బతికించిందో నాకు తెలుసు. సాలూరు ఘాటీ వైపు నుంచి దిగి విజయనగరం జిల్లా మెట్ట పొలాల మీదుగా సబ్బవరం దాకా సాగే రాయపూర్ - విశాఖ రోడ్డుకి 2022 నవంబరులో విశాఖలో శంకుస్థాపన జరిగితే టీవీలో చూసి నేనూ సంతోషించినవాణ్ణే. రోడ్డు కావాలి. కాని రోడ్డు ఆకాశంలోంచి ఊడిపడదు కదా! ఎవడో ఒకడి చేను మీదుగానే పోతుంది. ఆ "ఎవడో ఒకడు" అన్నవాడు మన లెక్కల్లో ఎక్కడున్నాడన్నదే నా పేచీ.

చట్టం చెప్పే దారి చూడండి. 1956 నాటి చట్టానికి 1997లో కొత్త సెక్షన్లు అతికించారు. 3ఎ కింద మీ భూమి కావాలని ప్రకటన. 3సి కింద మీ అభ్యంతరానికి ఇరవయ్యొక్క రోజులు. ఏడాది తిరక్కుండా 3డి కింద ఇంకో ప్రకటన, దాంతో భూమి కేంద్ర ప్రభుత్వానిది. "సమస్త బంధముల నుండి విముక్తమై" అని ఆ సెక్షన్ భావం. వేదాంతులు మోక్షానికి వాడే మాట ఇది, పాపం చేనుకి వాడారు. తర్వాత 3జి కింద ధర, 3హెచ్ కింద సొమ్ము జమ. మెట్లు చక్కగానే ఉన్నాయి. తిరగబడితే కలెక్టరుగారి దగ్గరో, కేంద్రం వేసిన మరో మధ్యవర్తి దగ్గరో ధర మీద తగువు పెట్టుకోవచ్చు. కాని గుర్తుంచుకోండి, ధర మీద మాత్రమే. "ఇటు కాదు, అటు జరపండి, ఇక్కడ చిన్న తూము పెట్టండి, నా బావి ఒగ్గేయండి" అని అడగడానికి చట్టం మనకిచ్చిన గుమ్మం ఆ ఇరవయ్యొక్క రోజులే.

ఆ ప్రకటన మన దాకా ఎలా వస్తుందంటారు? గెజిట్‌లో హిందీ, ఇంగ్లీషు. అదిగాక రెండు పత్రికల్లో వెయ్యాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి. కాబట్టి తెలుగు పేపర్లో పడుతుంది, నిజమే. ఎలా పడుతుందంటే, చీమ తలకాయంత అక్షరాల్లో పేజీకి ఆ చివర నుంచి ఈ చివర దాకా గళ్లు. సర్వే నంబరు, సబ్ డివిజను, హెక్టార్లు. పది సెంట్ల వాడికి ఎదురుగా 0.0405 అని ఉంటుంది. మా వైపు రైతు పుట్టి బుద్ధెరిగి హెక్టారన్నది చూశాడా? మాకు ఎకరం తెలుసు, సెంటు తెలుసు. "చింతచెట్టు కింద మడి", "గెడ్డ అవతలి చెక్క", "పెదనాన్న పంచిన జీడితోట" తెలుసు. నా చేను పేరు 0.0405 అని నాకు ఎవరు చెప్పారు? ఆ పేపరు మా ఊరికి రెండు కాపీలు వచ్చేది, ఒకటి టీ దుకాణానికి, ఒకటి ప్రెసిడెంటుగారింటికి. మర్నాడు పొద్దున్న టీ దుకాణం కాపీలో పకోడీలు కట్టేవారు. నోటీసు ప్రజల చేతికి అందడమంటే అదే కాబోలు.

సరే, చదివారనుకుందాం. చదివేందుకు ఇంట్లో మనిషి ఉండాలి కదా! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సగం వీధుల్లో ముసలాళ్లూ పసిపిల్లలూ మాత్రమే కనిపించే నెలలున్నాయి. మనవాళ్లు హైదరాబాదులో మేడలకి సిమెంటు మోస్తారు, చెన్నైలో కంబీ కడతారు, తీరం వాళ్లయితే గుజరాత్ వెరావల్ దాకా పోయి పడవలెక్కుతారు. ఇంటికి సంక్రాంతికొస్తారు, ఊళ్లో గ్రామదేవత పండగకొస్తారు, విజయనగరం వాళ్లయితే పైడితల్లి సిరిమానుకొస్తారు. గెజిట్ ప్రకటనకొచ్చిన వాణ్ణి నేను చూడలేదు. ఓట్ల రోజున మాత్రం ఈ వలస జనం ఎక్కడెక్కడ ఉన్నారో అందరికీ తెలుస్తుంది. బస్సులు పెట్టి, భోజనం పెట్టి మరీ పిలిపిస్తారు. చేను పోయేటప్పుడు ఒక ఫోన్ కాల్ పెట్టడానికి వాళ్ల అడ్రసు దొరకదు!

దానికి తోడు మన రికార్డులు. ఇది జమీందారీల సీమ. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పర్లాకిమిడి, టెక్కలి, మందస. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక, సెటిల్‌మెంటు జరిగి చాలామంది రైతులకి మొదటిసారి పట్టా అంటూ చేతికొచ్చింది. ఆ పట్టాలో ఎక్కిన పేరు ముత్తాతది. ముత్తాత పోయాడు, తాత పోయాడు, తండ్రి పోయాడు. ముగ్గురూ పోయారు గాని అడంగల్‌లో మాత్రం ముత్తాత నిక్షేపంగా ఉన్నాడు. మన నోటీసు అతగాడి పేరనే వెళుతుంది. బట్వాడా చేసిన వాడు తిరిగొచ్చి "సదరు వ్యక్తి లేడు, తలుపుకి అంటించితిని" అని రాస్తాడు. ఎంత సత్యవంతుడో చూడండి! సదరు వ్యక్తి పోయి నలభై ఏళ్లయింది.

ఇక నేను చెప్పవలసిన మనిషి సంగతి చెబుతాను.

పేరు చెప్పను. అరవై అయిదేళ్లుంటాయి. భర్త పేర నాలుగెకరాల్లోపు భూమి, అందులో 38 సెంట్లు రోడ్డుకి పోతోంది. మా లెక్కలో 0.1538. కొడుకులిద్దరూ మదరాసులో. (చెన్నై అని మనం పేరు మార్చినా మా ముసలాళ్లకి అది మదరాసే.) ఆమెకి సంగతి ఎలా తెలిసిందంటే, చేనులో పసుపు రంగేసిన రాయి పాతారు. ఎవరో సర్వే వాళ్లు మంచి గట్టి రాయి పాతారని దానికి గేదెని కట్టుకుంది పాపం. బడి మాస్టారొకరు ఆ దారిన పోతూ చూసి "మామ్మా, ఇది గేదె రాయి కాదే, నీ చేను పోతోంది" అని చెప్పి, అర్జీ రాసిపెట్టాడు. ఆ అర్జీ పట్టుకుని ఆమె మా ఆఫీసుకొచ్చిన రోజు, నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, ఇరవై మూడు.

"బాబూ, నాను రోడ్డొద్దన్నేదు. ఏసుకోండి. నుయ్యేమో ఆ పక్కుండిపోతాది, సేనేమో ఈ పక్కుండిపోతాది. మద్దిని నాలాంటిదానికి ఎల్లడానికి కిందనుంచి సిన్న కంత ఒగ్గీయండి, సాలు" అంది.

కంత అంటే తూము. మనిషీ గేదే వంగి పోయేంత తూము. ఇంజనీర్ల భాషలో దానికి వేరే పేరుంది, వేరే ధర ఉంది. డ్రాయింగు ఇంకా కాగితం మీద ఉన్న రోజులవి. పెన్సిలుతో ఒక గీత గీస్తే సరిపోయేది. ఇప్పుడు ఆలోచిస్తే అర్జీ వెనక్కి పంపక్కర్లేదు. "గడువు దాటినను పరిశీలింపదగును" అని ఒక ముక్క రాసి రోడ్డు ఇంజనీర్లకి పంపితే నన్ను ఉరి తీసేవారు కారు. కాని ఆ వారం నా బల్ల మీద రిపోర్టు ఉంది. అభ్యంతరాలు వచ్చినవి ఇన్ని, పరిష్కరించినవి ఇన్ని, మిగిలినవి సున్న. ఆ సున్న పక్కన ఒకటి పడితే పైవారు ఫోను చేస్తారు. నేను కలం తీసి రెండు మాటలు రాశాను. ఏ రెండు మాటలో మీకు తెలుసు. ఆమెకి చదువు రాదు కనక, నేనేదో మంచే రాశాననుకుని దణ్ణం పెట్టి వెళ్లింది. ఆ దణ్ణం ఇంకా నా మీద బాకీగా ఉంది.

తర్వాత ధర కట్టాం. ఇళ్లకి ఆర్ అండ్ బి వాళ్లు, పండ్ల చెట్లకి తోటల శాఖ వాళ్లు, కలపకి అడవుల వాళ్లు లెక్కలిచ్చారు. అంతా పద్ధతిగానే జరిగింది. చేను రెండుగా చీలిపోతే దానివల్ల కలిగిన నష్టాన్ని కూడా చూడమని 3జి లోనే ఉంది సుమండీ, ఏడో ఉపసెక్షను. నేను చూసినంతలో దాన్ని అడిగిన రైతు లేడు, ఉందని చెప్పిన ఆఫీసరూ లేడు. నాతో కలిపే అంటున్నాను. ఆ ముసలామె సొమ్ము మొగుడి పేర పడింది. మొగుడు లేడని సర్టిఫికెట్టు, వారసులెవరని సర్టిఫికెట్టు, కొడుకుల సంతకాలు. కొడుకులు సెలవు పెట్టుకుని రెండుసార్లొచ్చారు. కూలివాడికి సెలవంటే ఏమిటి, కూలి పోవడమే. మూడోసారి రాలేదు.

రోడ్డు పడ్డాక నూతికి వెళ్లాలంటే ఆమె సర్వీసు రోడ్డు మీదుగా వంతెన దాకా నడిచి, చుట్టూ తిరిగి రావాలి. ఎవరో కుర్రాళ్లు దయతలిచి మధ్యలో కంచె ఒకచోట వంచిపెట్టారు. దానికీ చట్టముంది. 2002లో చేసిన జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం ప్రకారం రోడ్డు భూమి కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. అనుమతి లేకుండా దాన్ని ఆక్రమించడానికి గాని, దానిలోకి బండి దారి తీయడానికి గాని వీల్లేదు. ఆస్తిని కాపాడే వాళ్లొచ్చి కంచె సరిచేసి, మళ్లీ వంచితే కేసన్నారు. తన చేనులోంచి తన నూతికి పోయే మనిషి ఆక్రమణదారయింది చూశారా! వాళ్ల తప్పు కూడా కాదు. నూట ఇరవై వేగంతో కార్లు పోయే చోట గేదె అడ్డొస్తే ఏమవుతుందో వాళ్లు చూసినవాళ్లు. తప్పు ఇరవై మూడో రోజున జరిగింది. కంచె దగ్గర కాదు.

"రైతులే రోడ్లకి అడ్డం పడుతున్నారండీ, అభివృద్ధికి ఆటంకం" అని సభల్లో అనేవాళ్లున్నారు. ఈ మాట అన్న ప్రతివాడూ ఒకసారి అవార్డు విచారణలో వెనక బెంచీ మీద కూర్చోవాలి. నా అనుభవంలో పని ఆగేది రైతు జెండా పట్టుకున్నందుకు కాదు. పట్టా ముత్తాత పేర ఉన్నందుకు ఆగుతుంది. పన్నెండు మంది వాటాదార్లలో ఇద్దరు ఎక్కడున్నారో తెలియక ఆగుతుంది. పంపకం తగువు కోర్టుకి పోయినందుకు ఆగుతుంది. ఇవన్నీ 3ఎ ప్రకటనకి ముందే ఊళ్లో కూర్చుని తేల్చుకోవలసిన పనులు. ముందు తేల్చరు, వెనక ఏడుస్తారు. ఏడుపు మాత్రం రైతు ఖాతాలో.

అలాగని మన రైతులు అమాయక చక్రవర్తులని కూడా నేను అనను. స్టాంపు డ్యూటీ మిగులుతుందని పది లక్షల చెక్కని మూడు లక్షలకి రిజిస్ట్రేషను చేయించిన ఘనులం మనమే. 2013 చట్టం ప్రకారం ధర కట్టేటప్పుడు చుట్టుపక్కల మూడేళ్ల దస్తావేజులు తీసి, అందులో ఎక్కువ ధర ఉన్న సగం పట్టుకుని సగటు కడతారు. అన్నీ మూడు లక్షలే రాసుంటే సగటు పది ఎక్కడినుంచొస్తుంది? ఆ రోజు అందరం గుండెలు బాదుకుంటాం. ఈ పాపంలో ఆఫీసుకి వాటా లేదు.

కాని ఇంకొక పాపముంది, అది నేరుగా చట్టానిదే. పాత 1894 భూసేకరణ చట్టంలో సొలేషియం అని ఉండేది, 1984 నుంచి ధర మీద నూటికి ముప్పై. సొలేషియం అంటే ఓదార్పు. ఇష్టం లేకపోయినా ఇస్తున్నావు కదా నాయనా అని ప్రభుత్వం అనే ఒక మంచి మాట, రూపాయల్లో. 1997 సవరణలో 3జె అని పెట్టి జాతీయ రహదారులకి ఆ చట్టం వర్తించదన్నారు. బడికో కాలువకో భూమి పోతే ఓదార్పు ఉంది, హైవేకి పోతే లేదు. చేను ఒకటే, ఏడుపు ఒకటే. మన కలకత్తా రోడ్డు నాలుగు వరసలైన కాలం సరిగ్గా ఈ రోజుల్లోదే. 2015 మొదలు కొత్త చట్టపు లెక్కలు రహదారులకీ వచ్చి నూటికి నూరు ఓదార్పు ఇవ్వసాగారు. మధ్యలో పోయిన వాళ్ల మాటేమిటంటే, 2019 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ కేసులో ఈ తేడా సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ఈ తీర్పు వెనకటి వాళ్లకి కాదు, ఇక ముందు వాళ్లకే అనమని రహదారుల సంస్థ మళ్లీ వెళితే, 2025 ఫిబ్రవరిలో కోర్టు అది కూడా కుదరదంది. ఒక ఓదార్పు మాట నోట రావడానికి దేశానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ ఇన్నేళ్లకీ గడువు లేదు. ముసలామెకి మాత్రం రెండు రోజులు ఎక్కువయ్యాయి!

నన్నడిగితే లెక్క మొదలుపెట్టే చోటే మార్చాలంటాను. పేపర్లో పడ్డ రోజు నుంచి కాదు, బతికున్న వారసుడి చేతిలో కాగితం పడి వేలిముద్ర వేసిన రోజు నుంచి ఇరవయ్యొకటి లెక్కపెట్టండి. కాగితం తెలుగులో, సెంట్లలో, హద్దులతో, పక్క చేను వాళ్ల పేర్లతో ఉండాలి. దానికంటే ముందు ఒక సర్వేయరూ ఒక గుమాస్తా ఊళ్లో మకాం పెట్టి పోయిన వాళ్ల పేర్లు తీసి ఉన్నవాళ్ల పేర్లు ఎక్కించాలి. అందుకు సంక్రాంతి వారమంత మంచి ముహూర్తం లేదు, ఊరంతా ఊళ్లోనే ఉంటుంది. సిబ్బందికీ పండగే కదా అంటారేమో. గారెలు వాళ్లే పెడతారు, నాదీ పూచీ. ఆలస్యమైపోతుందనే వారికి ఒకటే జవాబు. తర్వాత కోర్టుల్లో పోయే ఏళ్ల పక్కన ఈ రెండు నెలలు పెట్టి చూసుకోండి. ఇక పని పర్యవేక్షించే అధికారిని "ఎన్ని హెక్టార్లు అయింది?" అని అడిగే పైవారు, ఒక్కసారి "ఎన్ని తలుపులు తట్టావు?" అని అడిగి చూడండి. నన్ను అలా ఎవరూ అడగలేదు. అడిగితే తట్టి ఉండేవాణ్ణేమో.

ఈ మధ్య మా మేనకోడలి ఊరికి ఇంకో రోడ్డు కొలతలొచ్చాయి. నేను అక్కడికి వెళ్లిన సాయంత్రం ఆ వీధిలో ఒకామె పేపరు ముక్క తెచ్చి "అన్నయ్యగారూ, ఇందులో మాది ఉందేమో చూడండి" అంది. అద్దాలు పెట్టుకుని గళ్లలో వేలు పెట్టి వెతికాను. ఉంది. అత్తగారి మామగారి పేర ఉంది. తేదీ చూసి లెక్కపెడితే పదమూడు రోజులైపోయాయి.

"మీ ఆయన ఎక్కడమ్మా?"

"హైదరాబాదండి. అపార్ట్‌మెంట్లో వాచ్‌మేన్."

ఫోన్ కలిపించి నేనే మాట్లాడాను. ఎనిమిది రోజులుందని, ఏం పట్టుకురావాలో, ఏం రాయాలో చెప్పాను. చేనులో నుయ్యి ఏ పక్కనుందని అడిగాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఈ రాత్రికే టిక్కెట్టు చూస్తానన్నాడు. పావుగంటకి తిరిగి ఫోన్ చేశాడు. వెయిటింగ్ లిస్టు రెండొందల పన్నెండు వచ్చిందట, జనరల్ పెట్టెలో వస్తానన్నాడు.